ఎయిర్‌లైన్లు కలవాలంటే ఎన్ని సంతకాలు?

మీ ఫోన్లో పాత బోర్డింగ్ పాస్ ఏదైనా ఉందేమో ఒకసారి వెతకండి. మెయిల్లోనో, ఇంటికి పంపిన స్క్రీన్‌షాట్లలోనో ఎక్కడో దొరుకుతుంది. ఫ్లైట్ నంబరు ముందు ‘యూకే’ అనే రెండక్షరాలు ఉంటే మీరు ఎక్కింది విస్తారా. ఇంగ్లండ్‌కీ ఆ అక్షరాలకీ సంబంధం ఏమీ లేదు. ప్రతి ఎయిర్‌లైన్‌కీ ఒక కోడ్ ఉంటుంది, విస్తారాకి అది వచ్చింది, అంతే.

2024 నవంబర్ 11 రాత్రితో ఆ కోడ్ ఆగిపోయింది. మర్నాడు అవే విమానాలు, అవే సీట్లు, తోక మీద అదే వంకాయ రంగు. టికెట్ మీద మాత్రం ‘ఏఐ’, దాని పక్కన 2తో మొదలయ్యే నంబరు. విస్తారా వెళ్లి ఎయిరిండియాలో కలిసిపోయింది. క్లబ్ విస్తారా పాయింట్లు దాచుకున్నవాళ్లవి మహారాజా క్లబ్‌లోకి మారిపోయాయి.

ఈ విలీనం చేస్తున్నామని టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ చెప్పింది 2022 నవంబర్ 29న. అప్పుడు పెట్టుకున్న గడువు 2024 మార్చి. పని పూర్తయింది నవంబర్‌లో. ఇద్దరికీ ఇష్టమే, డబ్బుకి కొరత లేదు, వాటాల దగ్గర పేచీ లేదు. అయినా దాదాపు రెండేళ్లు పట్టింది. ఇంతకాలం ఎవరెవరి సంతకాల కోసం ఎదురుచూశారు? ఆ సంతకాల వల్ల టికెట్ కొనుక్కునే మనకి ఒరిగిందేంటి? ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు బేరం గురించి. విస్తారాలో టాటాలకి 51 శాతం, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 49 శాతం వాటా. 2015 జనవరి 9న తొలి విమానం ఎగిరింది. ఎయిరిండియా అప్పటికి ఇంకా ప్రభుత్వానిదే. 2022 జనవరి 27న అది టాటాల చేతికి రాగానే ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు అయ్యాయి: ఎయిరిండియా, విస్తారా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, ఎయిరేషియా ఇండియా. చవక టికెట్ల కంపెనీలు రెండిటినీ ఒకటి చేయాలి, ఫుల్ సర్వీస్ కంపెనీలు రెండిటినీ ఒకటి చేయాలి. ప్లాన్ ఇదీ. సింగపూర్ వాళ్లు విస్తారాలో తమ వాటా ఇచ్చేసి, పైన 2,058.5 కోట్ల రూపాయలు పెట్టి, కలిసిన కంపెనీలో 25.1 శాతం తీసుకున్నారు.

ఆ 2,058 అనే అంకె గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

అసలు ఈ జంట కథ ఇవాళ్టిది కాదు. 1990ల మధ్యలోనే టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి ఇండియాలో ఒక ఎయిర్‌లైన్ పెడతామని అడిగారు. 1997లో వచ్చిన పాలసీ ఏమందంటే, విదేశీ పెట్టుబడి రావచ్చు గానీ విదేశీ ఎయిర్‌లైన్ నుంచి మాత్రం ఒక్క రూపాయి రాకూడదు. తమాషా చూడండి. విమానాల గురించి ఓనమాలు తెలియని విదేశీయుడు డబ్బు పెట్టొచ్చు, ఆ పనే చేసేవాడు పెట్టకూడదు! ప్లాన్ అటకెక్కింది. తర్వాత ప్రభుత్వం ఎయిరిండియాలో 40 శాతం అమ్ముతానంటే ఇద్దరూ మళ్లీ వచ్చారు. రాజకీయంగా వ్యతిరేకత చూసి 2001లో సింగపూర్ వెనక్కి తగ్గింది. చివరికి 2012 సెప్టెంబర్‌లో రూల్ మారి, విదేశీ ఎయిర్‌లైన్లు 49 శాతం దాకా కొనుక్కోవచ్చని తలుపు తెరిచాకే విస్తారా పుట్టింది. ఏ తరం మంత్రి ఏ లైను రాశాడు అన్నదాన్ని బట్టి కంపెనీలు పుట్టడం, పుట్టకపోవడం ఈ రంగంలో మామూలే.

ఇక సంతకాల దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముఖ్యమైనది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాది, అదే సీసీఐ. రెండు పెద్ద కంపెనీలు కలిసేముందు, ‘మీరు కలిస్తే పోటీ చచ్చిపోదు కదా?’ అని అడిగే ఆఫీసు ఇది.

వీళ్లు లెక్క వేసే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. దేశం మొత్తాన్నీ ఒకే మార్కెట్‌గా మాత్రమే చూడరు. ఇక్కడి నుంచి అక్కడికి అని ఒక్కో దారినీ ఒక్కో మార్కెట్‌గా చూస్తారు. ఎందుకంటే, మీ ఊళ్లో వంద టిఫిన్ సెంటర్లు ఉండొచ్చు. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కే ముందు మీ సందు చివర ఉన్నవి రెండే. ఆ రెండిట్లో ఒకడు రెండోవాడిని కొనేస్తే, మిగతా తొంభై ఎనిమిది ఉండి మీకేం లాభం? ఇడ్లీ రేటు పెరుగుతుంది, చట్నీ పల్చబడుతుంది. విమానాలూ అంతే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లాల్సినవాడికి కొచ్చి టికెట్ చవగ్గా ఉందంటే ఉపయోగం లేదు. హైదరాబాద్–విజయవాడ అయితే విమానం కాకపోతే బస్సుంది, రైలుంది. ఢిల్లీ నుంచి సింగపూర్‌కి? సముద్రం ఈదాలి.

అందుకని ఒక్కో రూట్ తీసి, ఇద్దరూ ఎగిరే దారులు ఏవి, కలిసిపోయాక ఆ దారిలో ఇంకెవరు మిగులుతారు అని చూస్తారు. ఎయిరిండియా, విస్తారా విషయంలో ఒక ఇబ్బంది వెంటనే కనిపిస్తుంది. జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాక మన దేశంలో ఫుల్ సర్వీస్ అంటే పెద్ద కంపెనీలు ఈ రెండే. బిజినెస్ క్లాస్ సీటు, టికెట్‌లోనే భోజనం, ఇవన్నీ కావాలంటే ఇటో అటో వెళ్లాలి. ఆ ఇద్దరూ ఒకటైపోతే?

2023 జూన్‌లో సీసీఐ నోటీసు ఇచ్చింది. మీ విలీనం మీద లోతైన విచారణ ఎందుకు జరపకూడదో చెప్పండి అని. కంపెనీలు కొన్ని హామీలు రాసిచ్చాయి. 2023 సెప్టెంబర్ 1న అనుమతి వచ్చింది. లోతైన విచారణ దాకా వెళ్లుంటే చట్టం ప్రకారం వివరాలు బయటపెట్టి, జనం నుంచి అభ్యంతరాలు అడగాలి. అక్కడిదాకా రాకుండానే హామీలతో పని ముగిసింది. తప్పేం లేదు, చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ దేశమంతా ఎక్కే రెండు ఎయిర్‌లైన్లు ఒకటవుతున్నప్పుడు, ఎక్కేవాళ్లని ఒక్క మాట అడిగే అవసరమే రాకపోవడం నాకు కొంచెం వెలితిగానే అనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. విలీనమైన రెండు రోజులకి, 2024 నవంబర్ 14న, ఇన్నాళ్లూ ఒకే రకం సీట్లతో నడిచిన ఇండిగో ఢిల్లీ–ముంబై రూట్లో తన బిజినెస్ క్లాస్ మొదలుపెట్టింది. కమిషన్ హామీలు రాయించుకున్న చోట మార్కెట్ తన సమాధానం తను చెప్పిందన్నమాట. అలాగని ఎప్పుడూ చెబుతుందనుకోకండి. ఆ సంగతికి కాసేపట్లో వస్తా.

మన కమిషన్ అయ్యాక సింగపూర్ కమిషన్. అక్కడి పోటీ సంస్థ 2024 మార్చి 5న షరతులతో ఒప్పుకుంది. వాళ్ల ఆందోళన వాళ్లది. సింగపూర్ నుంచి ఢిల్లీ, ముంబై, చెన్నై, తిరుచిరాపల్లి, ఈ నాలుగు దారుల్లో ఇరువైపుల కంపెనీలూ నేరుగా ఎగురుతున్నాయి. ఒకటైతే సీట్లు తగ్గించి రేట్లు పెంచొచ్చు. అందుకని కోవిడ్‌కి ముందున్న స్థాయిలో సీట్లు నడపాలని రాయించుకున్నారు. ఆ లిస్టులో హైదరాబాద్ లేదు, తిరుచ్చి ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఆశ్చర్యమేసింది. ఊరు ఎంత పెద్దది అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఆ దారిలో ఇద్దరూ పోటీ పడుతున్నారా లేదా అన్నదే లెక్క. తిరుచ్చి నుంచి సింగపూర్ వెళ్లే కూలీ టికెట్ గురించి అక్కడెక్కడో ఒక ఆఫీసులో ఫైలు నడిచింది. ఇలాంటి చిన్న విషయాలే ఈ అనుమతుల్లో నిజంగా పనికొచ్చేవి. ‘పోటీని కాపాడతాం’ అన్న మాటని ఎవరూ కొలవలేరు. ‘ఈ దారిలో ఇన్ని సీట్లు’ అంటే లెక్కపెట్టి అడగొచ్చు.

తర్వాత ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల ట్రిబ్యునల్. చండీగఢ్ బెంచ్ 2024 జూన్ 6న సరేనంది. చండీగఢ్ ఎందుకంటే ఎయిరిండియా మకాం గురుగ్రామ్‌లో ఉంది, హర్యానా కంపెనీలు ఆ బెంచ్ కిందికే వస్తాయి. ఇక మిగిలింది విదేశీ పెట్టుబడికి కేంద్రం అనుమతి. అది ఆగస్టు 30న వచ్చింది. దానికి కొద్ది నెలల ముందే పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతికొచ్చింది. చివరగా డీజీసీఏ. ఒక కంపెనీ పర్మిట్ మీద ఎగిరే సుమారు 70 విమానాలు రాత్రికి రాత్రి ఇంకో కంపెనీ పర్మిట్ మీదికి మారాలి. మ్యాన్యువళ్లు, మెయింటెనెన్స్ రికార్డులు, పైలట్ల ట్రైనింగ్ కాగితాలు, ప్రతిదీ. బయటికి కనపడని పెద్ద చాకిరీ అదే.

ఇన్ని సంతకాలు చూసి ‘అబ్బా, ఇంత రెడ్ టేప్ ఎందుకు?’ అనిపించొచ్చు. ఇవేవీ సరిగ్గా లేని రోజుల్లో ఏం జరిగిందో చూద్దాం.

‘ఆకాశం నీ హద్దురా’ చూశారుగా? సూర్య సినిమా. లాక్‌డౌన్ ఏడాది ప్రైమ్‌లో వచ్చింది. ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ జీవితం ఆధారంగా తీసింది. సినిమా గెలుపు దగ్గర ఆగిపోతుంది. నిజం కథ ఆగలేదు. 2007లో విజయ్ మాల్యా కింగ్‌ఫిషర్ గ్రూపు 550 కోట్లు పెట్టి డెక్కన్‌లో 26 శాతం కొంది. తర్వాత మొత్తం కలిపేసుకుంది. చవక టికెట్ల కంపెనీతో ఖరీదైన కింగ్‌ఫిషర్‌కి పనేంటి? అప్పట్లో ఒక రూలుండేది. ఒక ఎయిర్‌లైన్ విదేశాలకి వెళ్లాలంటే ఐదేళ్లు దేశంలో ఎగిరి ఉండాలి, 20 విమానాలుండాలి. డెక్కన్ పుట్టింది 2003లో, కింగ్‌ఫిషర్ 2005లో. డెక్కన్‌ని కొంటే రెండేళ్లు కలిసొస్తాయి. 2008 సెప్టెంబర్‌లో కింగ్‌ఫిషర్ విదేశీ విమానం ఎగరనే ఎగిరింది. అంటే ఒక సర్కారీ రూలు దాటడానికి ఒక కంపెనీని కొన్నారు. పోటీ తగ్గకుండా కాపాడాల్సిన ప్రభుత్వం రాసిన రూలే, పోటీదారుని మింగడానికి కారణాల్లో ఒకటయ్యింది. ఆ ఐదేళ్ల రూలు పోయింది 2016లో, విజయనగరం అశోక్ గజపతిరాజు ఆ శాఖ చూస్తున్నప్పుడు.

అదే 2007లో జెట్ ఎయిర్‌వేస్ వెళ్లి ఎయిర్ సహారాని 1,450 కోట్లకి కొంది. ఒక్క ఏడాదిలో దేశంలోని పెద్ద ఎయిర్‌లైన్లు ఇద్దరిద్దరు ఒకటైపోయారు. మరి పోటీ సంగతి చూసే కమిషన్ ఏం చేసింది? ఏమీ చేయలేదు. చట్టం 2002 నాటిదే గానీ, విలీనాల్ని పరిశీలించే సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2011 జూన్ 1న. రిఫరీ గ్రౌండ్‌లోకి రాకముందే మ్యాచ్ అయిపోయింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో ఆగిపోయింది. డెక్కన్ దానితోపాటే పోయింది.

సరే, రిఫరీ వచ్చాక? ఇక్కడికే 2,058 మళ్లీ వస్తుంది.

2013 ఏప్రిల్‌లో అబుదాబి ఎయిర్‌లైన్ ఎతిహాద్, జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం కొంటానంది. ఎంతకి? 2,058 కోట్లకి. పదేళ్ల తేడాతో రెండు విదేశీ ఎయిర్‌లైన్లు, దాదాపు అదే వాటా, దాదాపు అదే అంకె. కాకతాళీయమే. కానీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం.

ఆ డీల్ మీద జరిగినంత రచ్చ ఇంకే ఎయిర్‌లైన్ డీల్ మీదా జరిగుండదు. ఎందుకంటే డీల్‌తో పాటే ఇండియా–అబుదాబి మధ్య వారానికి ఎన్ని సీట్లు ఎగరొచ్చన్న ఒప్పందమూ మారింది. 13,330 నుంచి మూడేళ్లలో 50 వేలకి. ఇది ఎవరి విషయమో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. హైదరాబాద్ నుంచి డాలస్‌కో, చికాగోకో వెళ్లే పిల్లలు, వాళ్లని చూడటానికి ఆవకాయ జాడీ సర్దుకుని వెళ్లే అమ్మానాన్నలు గల్ఫ్‌లో దిగి విమానం మారతారు. ఎక్కడ మారతారు అన్నదాంట్లోనే డబ్బంతా ఉంది. జెట్ తన ప్రయాణికుల్ని తీసుకెళ్లి అబుదాబిలో దింపితే అక్కడి నుంచి ఎతిహాద్ ఎత్తుకుంటుంది. ‘మన ఎయిర్‌పోర్టులు ఎప్పుడు హబ్‌లు అవుతాయి మరి?’ అని అప్పట్లో అడిగినవాళ్ల ప్రశ్న అర్థం లేనిది కాదు.

సెబీ అడిగింది వేరే ప్రశ్న. 24 శాతమే అంటున్నారు, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుంది? మన దేశ రూల్ ప్రకారం ఎయిర్‌లైన్ మీద అసలైన అదుపు భారతీయులదే అయ్యుండాలి, ఛైర్మన్, బోర్డులో మూడింట రెండొంతుల మంది మనవాళ్లే ఉండాలి. దాంతో ఒప్పందం తిరగరాశారు, బోర్డులో ఎతిహాద్ సీట్లు తగ్గించారు. 2013 నవంబర్ 12న సీసీఐ అనుమతి ఇచ్చింది. ఏకగ్రీవంగా కాదు. అనురాగ్ గోయల్ అనే సభ్యుడు విడిగా తన అసమ్మతి రాశారు, పోటీకి దెబ్బ తగిలే అవకాశం ఉంది, దీన్ని ఇంకా లోతుగా చూడాలి అని. ఓటు లెక్కలో ఓడిపోయారు. ఆ వెంటే డిసెంబర్‌లో సీసీఐ ఎతిహాద్‌కి కోటి రూపాయల జరిమానా వేసింది. లండన్ హీత్రూలో జెట్‌కున్న స్లాట్లని, అంటే విమానం దిగి ఎగిరే టైమింగ్స్‌ని, అనుమతి రాకముందే 7 కోట్ల డాలర్లకి కొనేసుకున్నందుకు. ముహూర్తం కాకుండానే కాపురం పెట్టేశారని కోటి రూపాయల ఫైన్!

(నవంబర్ 12 అన్నానా? విస్తారా కలిసింది 2024 నవంబర్ 12న. సూర్య సినిమా వచ్చింది 2020 నవంబర్ 12న. జాతకాలు నమ్మేవాళ్లు చూసుకోండి.)

ఇన్ని సంతకాలు, ఇన్ని ప్రశ్నలు, ఇంత జాగ్రత్త అయ్యాక ఏమైంది? 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. సుమారు 20 వేల మంది ఉద్యోగాలు పోయాయి. దివాలా కోర్టులో కొత్త ఓనర్లు దొరికారన్నారు, మళ్లీ ఎగురుతుందన్నారు. ఐదేళ్లకి పైగా సాగి, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇక ఆస్తులమ్మి మూసేయమంది. అంటే జెట్‌కి చావు కబురు వచ్చిన ఐదు రోజులకి విస్తారా పేరు కూడా పోయింది. ఒకే వారంలో.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఈ ఆఫీసుల్లో ఒక్కటి కూడా అడగని ప్రశ్న ఒకటుంది: ‘ఈ కంపెనీ ఐదేళ్లు బతుకుతుందా?’ సీసీఐ పోటీ చూస్తుంది. సెబీ షేర్‌హోల్డర్ని చూస్తుంది. కేంద్రం విదేశీ వాటా చూస్తుంది. ట్రిబ్యునల్ అప్పులవాళ్ల అభ్యంతరాలు చూస్తుంది. ఎవరి కిటికీ వాళ్లది. జెట్ ఫైలు అన్ని కిటికీల్లోనూ పాసయ్యింది. అన్నీ పాసైన విద్యార్థికి జ్వరం ఉందో లేదో చూసే టీచర్ మాత్రం ఆ స్కూల్లో లేడు.

ఇంకొకళ్లని కూడా ఎవరూ చూడరు. ఉద్యోగుల్ని. 2024 ఏప్రిల్ గుర్తుందా? విస్తారా విమానాలు రోజూ క్యాన్సిల్ అయ్యేవి. ఎయిరిండియాతో సమానం చేస్తున్నామంటూ పైలట్లకి కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. అంతకుముందు నెలకి 70 గంటలకి గ్యారంటీ జీతం ఉంటే, కొత్తదాంట్లో 40 గంటలకే. పైలట్లు కొందరు సిక్ లీవు పెట్టారు. సిబ్బంది చాలక విస్తారా తన ఫ్లైట్లలో పదో వంతు దాకా తగ్గించుకుంది. సీసీఐ అనుమతి అప్పటికి ఏడు నెలల పాతది. అందులో సీట్ల గురించి ఆలోచించారు గానీ, సీటు నడిపేవాడి గురించి ఆలోచించడం వాళ్ల పని కాదు.

దీన్ని 2021లో ఎయిరిండియా అమ్మకంతో పోల్చండి. అప్పుడు ప్రభుత్వమే అమ్మకందారు. టాటాలు 18 వేల కోట్లకి పాడుకున్నారు. అందులో చేతికిచ్చిన నగదు 2,700 కోట్లు, మిగతా 15,300 కోట్లు అప్పు తలకెత్తుకోవడం. మొత్తం అప్పు 61,562 కోట్లు, అంటే మిగిలిన 46 వేల కోట్ల పైచిలుకు ప్రభుత్వం విడిగా పెట్టిన కంపెనీకి, చివరికి మన ఖాతాకే చేరింది. దాని గురించి తిట్టాలంటే ఇంకో వ్యాసం కావాలి. కానీ ఆ అమ్మకంలో ఒక షరతు పెట్టారు. ఏడాది దాకా ఎవరినీ తీసేయకూడదు, రెండో ఏడాది తీసేయాల్సి వస్తే స్వచ్ఛంద పదవీ విరమణ ప్యాకేజీ ఇవ్వాలి. తను అమ్ముతున్నప్పుడు ప్రభుత్వానికి ఉద్యోగి గుర్తొచ్చాడు. తను రిఫరీ అయినప్పుడు ఆ కాలమ్ ఫారంలో లేదు.

ఇక మన జేబు దగ్గరికి వద్దాం. ఇవాళ దేశంలో ఎగిరే ప్రతి వంద మందిలో అరవై మందికి పైగా ఇండిగోలో ఉంటారు. ఎయిరిండియా గ్రూపుని కలిపితే తొంభై. ఇది విలీనాల వల్ల వచ్చిందా అంటే, పూర్తిగా కాదు. ఇండిగో ఎవరినీ కొనలేదు. 2006లో మొదలై, టైముకి ఎగురుతూ సొంతంగా పెరిగింది. మిగతావాళ్లు రాలిపోయారు. కింగ్‌ఫిషర్, జెట్, 2023 మేలో గో ఫస్ట్. మనవాళ్లూ ఉన్నారు ఆ లిస్టులో. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013లో మొదలై 2017లో ఆగింది. హైదరాబాద్ నుంచి ట్రూజెట్, రామ్‌చరణ్ బ్రాండ్ అంబాసిడర్‌గా 2015లో ఎగిరి, 2022 ఫిబ్రవరిలో ఆగింది. కడప, నాందేడ్ లాంటి చిన్న ఊళ్లకి కూడా విమానాలు నడిపింది.

రెండు కంపెనీలు కలవడానికి ఇన్ని సంతకాలు కావాలి. ఒక కంపెనీ చచ్చిపోవడానికి ఒక్క సంతకం అక్కర్లేదు. పోటీకి రెండిట్లోనూ నష్టం ఒకటే.

ఇద్దరే మిగిలితే ఎలా ఉంటుందో 2025 డిసెంబర్‌లో చూశాం. పైలట్లకి ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలన్న కొత్త రూల్స్ నవంబర్ 1 నుంచి పూర్తిగా అమలయ్యాయి. వారానికి 48 గంటల రెస్ట్, రాత్రి ల్యాండింగులు తగ్గించడం లాంటివి. అవసరమైన రూల్సే. ఇండిగో దగ్గర సరిపడా పైలట్లు లేరు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. శంషాబాద్‌లో సూట్‌కేసుల మీద తలపెట్టి పడుకున్న జనం వీడియోలు మీ ఫీడ్‌లోనూ వచ్చే ఉంటాయి. మిగిలిన టికెట్ల రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. చివరికి కేంద్రం దిగి రేట్లకి సీలింగ్ పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి దాకా 12 వేలు, 1,500 దాకా 15 వేలు, ఆపైన 18 వేలు. హైదరాబాద్–ఢిల్లీ 15 వేల లెక్కలోకి వస్తుంది. ఇంకోపక్క ఇండిగోకి ఆ కొత్త రూల్స్‌లో కొన్నిటి నుంచి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు.

ఆ మినహాయింపు గురించి ఆలోచించండి. రూల్ పెట్టింది పైలట్ అలిసిపోయి తప్పు చేయకూడదని. సడలించింది ఆ కంపెనీ ఆగితే దేశం ఆగిపోతుందని. పది కంపెనీలుంటే ఒకటి తడబడినప్పుడు మిగతా తొమ్మిదీ సర్దుకుంటాయి, రెగ్యులేటర్ తన రూల్ మీద నిలబడగలడు. మార్కెట్‌లో అరవై శాతం ఉన్నవాడి ముందు రెగ్యులేటర్ కూడా కస్టమర్ లాంటివాడే. వేరే ఫ్లైట్ లేదు మరి.

సీసీఐ దీన్ని ఆపగలిగేదా? విలీనమైతే ముందే ఆపొచ్చు, షరతు పెట్టొచ్చు. సొంతంగా పెరగడం నేరం కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేశాడని తేలితేనే చట్టం లేస్తుంది. అందుకే ఇక ముందు ఈ రంగంలో ఎవరు ఎవరిని కొంటామన్నా ఆ ఫైలు మామూలుకన్నా ఎక్కువ సేపు టేబుల్ మీద ఉండటమే మంచిదని నా అభిప్రాయం. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన మార్పులతో మాత్రం కమిషన్‌కున్న గడువు 210 రోజుల నుంచి 150కి తగ్గింది. వ్యాపారం చేసేవాళ్లకి మంచి వార్తే. రూట్ రూట్‌కీ లెక్కలు వేయాల్సిన చోట ఆ అరవై రోజులు చిన్నవి కావు.

సీసీఐ ఆర్డర్లు వాళ్ల సైట్లో అందరూ చదివేలా ఉంటాయి, ఎప్పుడైనా ఒకటి తెరిచి చూడండి. మధ్యమధ్యలో వ్యాపార రహస్యాలని ఖాళీలు వదిలేస్తారు, అదొక్కటే విసుగు.

ఇంతలో కొత్తవాళ్లు క్యూలో ఉన్నారు. ఆ డిసెంబర్ గొడవ అయిన కొద్ది రోజులకే మంత్రి రామ్మోహన్ నాయుడు మూడు పేర్లు చెప్పారు: శంఖ్ ఎయిర్, అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్. ఎన్‌ఓసీలు వచ్చాయి. అది మొదటి మెట్టు మాత్రమే. విమానాలు తెచ్చుకోవాలి, పైలట్లని పెట్టుకోవాలి, డీజీసీఏ ముందు ఎగిరి చూపించి పర్మిట్ తెచ్చుకోవాలి, ఆ తర్వాత పెద్ద ఎయిర్‌పోర్టుల్లో స్లాట్లు దొరకాలి. మంచి టైమింగ్స్ స్లాట్లు ఎవరి దగ్గరున్నాయో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.